పాలారు అడవులకు వేసిన మార్కులు

అక్క పోయిన నాలుగో నెలలో నాకు అడవులకు మార్కులు వేసే పని దొరికింది.

వినడానికి వింతగా ఉంటుంది గానీ ఆ పని నిజంగా అదే. పాలారు, అందులో కలిసే వాగులు, ఏర్లు పారే నేలలో రక్షిత అడవుల పరిస్థితి ఎలా ఉందో తిరిగి చూసి రాయడానికి ఒక సంస్థ మనుషుల్ని వెతుకుతోందని మా కాలేజీలో జువాలజీ చెప్పే ఆమె నాకు చెప్పింది. నేను బోటనీ చెప్పేదాన్ని. మదనపల్లెలో మాది చిన్న ప్రైవేటు కాలేజీ. పిల్లలంతా కంప్యూటర్ల వైపు పోవడంతో బోటనీ సెక్షన్ మూసేసి, నన్ను లైబ్రరీలో కూర్చోబెట్టారు. పుస్తకాల మీద దుమ్ము దులిపించడం, పేపర్లకు దారం కట్టించడం నా పని. తాను చేరుతున్నానని, నువ్వూ వస్తావా అని ఆమె అడిగితే సరే అన్నాను. అడిగింది ఏదైనా ఆ రోజుల్లో సరే అనేదాన్ని. కాదనాలంటే కారణం వెతుక్కోవాలి కదా.

అక్క నాకంటే పదకొండేళ్లు పెద్దది. మిషన్ ఆస్పత్రిలో నర్సు. అమ్మానాన్నలు తొందరగా పోయారు. నన్ను బడికి పంపిందీ, డిగ్రీ చదివించిందీ, జడ వేసిందీ అక్కే. ఆమె పెళ్లి చేసుకోలేదు, తరవాత నేనూ చేసుకోలేదు. దానికి కథలేమీ లేవు. ఇద్దరికీ ఒక ఇల్లు, ఒక చర్చి, ఆదివారం మధ్యాహ్నం నిద్ర. అలా జరిగిపోయింది. కడుపులో నొప్పని ఆమె చెప్పేసరికే జబ్బు ముదిరిపోయింది. ఆమె పని నేర్పించిన పిల్లలే ఆమెకు సెలైన్ పెట్టారు. ఏడు వారాల్లో అయిపోయింది.

సమాధి రోజు నేను కుర్చీలు లెక్క చూసుకున్నాను. టీ చాలదేమోనని ఇంకో క్యాను చెప్పి పంపాను. చర్చి ఆడవాళ్లు పాటలు పాడుతుంటే, రెండో చరణం వదిలేసి మూడో చరణానికి వెళ్లిపోయారని గమనించాను. ఎంత ధైర్యం చూడండి అని ఎవరో అన్నారు. అది ధైర్యం కాదు. పన్ను పీకే ముందు సూది వేస్తే పెదవి మనది కానట్టు ఉంటుందే, అట్లా ఉండింది. ఆ మందు దిగుతుందని ఎదురు చూశాను. దిగలేదు. భర్త పోయిన ఆడమనిషిని ఊరు ఏడాది పాటు పలకరిస్తుంది. అక్క పోతే పదిహేను రోజులే. తరవాత లైబ్రరీలో అటెండరు కూడా అడగడం మానేశాడు.

కాలేజీలో జీతం లేని సెలవు పెట్టాం. సంస్థ వాళ్లు మాకు మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. చేతికి ఒక ఫారం వచ్చింది. నీళ్లు, గడ్డి, చెట్ల కింద మొలకలు, కంప, పశువుల మేత, నిప్పు, మనుషుల రాకపోకలు, జంతువుల జాడలు. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. అన్నీ చూశాక చివరి గడిలో ఆ అడవి మొత్తానికి ఒక మార్కు. ఒకటంటే పాడైపోయింది, ఐదంటే బాగుంది. మీకు ఏమనిపించిందో రాయకండి, ఏం కనిపించిందో రాయండి అని శిక్షణలో చెప్పారు. నాకు అది కష్టం కాలేదు.

మొదట పుంగనూరు వైపు పంపారు. మా మదనపల్లె వాన నీళ్లన్నీ ఉత్తరానికి, పెన్న వైపు పోతాయి. పుంగనూరు దాటి కొంత దూరం పోతే నేల వాలు మారిపోతుంది. అక్కడి వాగులు దక్షిణానికి తిరిగి, చివరికి పాలార్లో కలుస్తాయి. ఈ పనిలో చేరేదాకా నాకూ ఆ సంగతి తెలియదు. పొద్దున్నే బస్సు దిగి, ఆటోలో కొండ మొదలు దాకా పోయి, అక్కడి నుంచి నడక. నూరు అడుగులకు ఒకసారి ఆగి, ఒక చదరం గుర్తు పెట్టుకుని, అందులో ఏముందో రాయాలి. సీతాఫలం, చండ్ర, కానుగ, బోదగడ్డి. ఎక్కువగా లాంటానా కంప. ఆ కంప కింద ఏదీ మొలవదు. చదరం తరవాత చదరంలో మొలకలు సున్నా, మొలకలు సున్నా అని రాశాను. ఇరవై ఏళ్లు పిల్లలకు చెట్లను గురించి చెప్పినదాన్ని. ఒకప్పుడైతే బాధపడి ఉండేదాన్ని అనుకుంటూ రాశాను.

అక్కడ మేకలు మేపుకునే ఒక ముసలామె రెండు రోజులు నా వెనకే తిరిగింది. ఏం రాస్తాండావని అడిగితే అడవికి మార్కులు వేస్తున్నానని చెప్పాను. ఫెయిలయితే ఏం జేస్తారు, ఇంకో కలాసులో కూసోబెడతారా అని అడిగింది. వెక్కిరించడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాకు తెలియదని చెప్పాను. ఆమె నాకు రెండు రేగు పళ్లు ఇచ్చింది. తిన్నాను. ఆ అడవికి మూడు వేశాను.

రెండో నెలలో కుప్పం పంపారు. అసలు పని అక్కడే. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే చోటు అది. పొద్దున తమిళనాడులో ఉన్న ఏనుగు సాయంత్రానికి మన టమోటా తోటలో ఉంటుంది. కుప్పంలో బస్టాండు దగ్గర ఒక గది తీసుకున్నాను. అడవిలోకి ఒక్కరే పోకూడదని, తోడుగా ఒక ట్రాకర్‌ను కుదిర్చారు. ఏనుగుల జాడ తీసి, అవి ఏ ఊరి వైపు వస్తున్నాయో ముందే ఆ ఊరికి ఫోన్ చేసి చెప్పే మనిషి. అరవై దగ్గర పడిన వాడు. సన్నగా, పొడుగ్గా, చెవిలో ఎప్పుడూ ఒక బీడీ ఉంచుకుని, దాన్ని అడవిలో మాత్రం వెలిగించని వాడు. కన్నడం, తమిళం, తెలుగు మూడూ ఒకే మాటలో కలిపేసేవాడు. నన్ను మొదట మేడం అన్నాడు. వారానికి అమ్మణ్ణి అన్నాడు. నేను అన్నా అనేదాన్ని.

ఆయన తక్కువ మాట్లాడేవాడు. నాకూ అదే కావాలి. ఆయన ముందు నడిస్తే నేను వెనక నడిచి, ఆగిన చోట రాసుకునేదాన్ని. ఏనుగు పేడ ముద్దను కాలితో విడదీసి ఇది నిన్నటిది, ఇది పొద్దుటిది అని చెప్పేవాడు. అందులో వెదురు ఆకు కనిపించడం తగ్గిపోయిందని, వరి గడ్డి, చెరుకు పిప్పి, ఒక్కోసారి ప్లాస్టిక్ సంచి ముక్క కనిపిస్తుందని చూపించాడు. నేను జంతువుల జాడలు అన్న గడిలో నాలుగు, గడ్డి అన్న గడిలో ఒకటి వేశాను. మేత లేని చోట ఇన్ని జాడలుంటే అది ఏ జబ్బుకు గుర్తో ఫారంలో గడి లేదు.

ఎండలు ముదిరాక, ఒక పొద్దున లోపల ఉన్న నీటి తొట్టి చూడటానికి పోయాం. వాగు ఎండిపోయినప్పుడు జంతువులకు నీళ్లు పోయడానికి నేలలో కట్టిన వెడల్పాటి సిమెంటు తొట్టి అది. కొన్నాళ్ల కిందట ట్యాంకరుతో నింపామని అటవీ శాఖ వాళ్లు మాకు చెప్పారు. పోయి చూస్తే అడుగున ఎండిన ఆకులు, ఒక చచ్చిన తొండ. పగులు పట్టి నీళ్లన్నీ ఇంకిపోయినట్టున్నాయి. టేపు తీసి పగులు కొలుస్తున్నాను. ట్రాకర్ పక్కనే ఉన్న గుట్ట ఎక్కి చుట్టూ చూస్తున్నాడు.

ఏనుగు వచ్చిన చప్పుడు నాకు వినిపించలేదు. తల ఎత్తేసరికి తొట్టికి అవతలి గట్టున ఉండింది. ఒంటి దంతం మగ ఏనుగు. నీళ్ల కోసం వచ్చింది. తొండం తొట్టిలోకి దించి, ఆకుల్ని కదిపి, పైకెత్తింది. మా ఇద్దరి మధ్య ఆ ఖాళీ తొట్టి తప్ప ఇంకేమీ లేదు. దాని చెవి అంచున చిరుగు, కంటి కింద తడి చార కనిపించాయి. కదలకుండా నిలబడు అనో, పరిగెత్తు అనో నాలో ఎవరూ చెప్పలేదు. నాకు భయం వేయలేదు. చచ్చిపోతానేమో అన్న ఆలోచన వచ్చింది. బస్సు ఆలస్యమవుతుందేమో అన్న ఆలోచన లాగే వచ్చింది. టేపు ఇంకా చేతిలోనే ఉంది. కొలత గుర్తుంచుకోవాలి అనుకున్నాను. ఏనుగు చెవులు విప్పి ఒక అడుగు ముందుకు వేసింది. నేను అక్కడే ఉన్నాను.

వెనక నుంచి నా జాకెట్ చెయ్యి పట్టుకుని ట్రాకర్ లాగేశాడు. గుట్ట వెనక రాళ్ల మధ్యకు తోసి, తాను వెనక్కి తిరిగి గట్టిగా, ఇంట్లో మనిషిని గదమాయించినట్టు, ఏనుగుతో ఏదో అన్నాడు. అది కాసేపు నిలబడింది. తొట్టి గట్టును ఒకసారి కాలితో తన్నింది. సిమెంటు పెళ్ల ఊడిపడింది. తరవాత వెదురు వైపు వెళ్లిపోయింది.

ఆయన చెవిలో బీడీ తీసి, వేళ్ల మధ్య నలిపి పొడి చేసి పారేశాడు. టేపు ఇంకా నా చేతిలోనే ఉందని చూశాడు.

"నువ్వు ఈడికి లెక్క రాయడానికి వచ్చినావా, సావడానికి వచ్చినావా అమ్మణ్ణీ?" అన్నాడు.

కాలు కదల్లేదని చెప్పాను.

"కాలు కదలని వాళ్ల మొగం నాకు తెల్సు. వాళ్లు అరుస్తారు, ఏడుస్తారు. నువ్వు సూస్తాండావు, సినిమా సూసినట్టు." టేపు నా చేతిలోంచి తీసుకుని చుట్టేస్తూ, "ఇంట్లో ఎవురు పోయినారు?" అని అడిగాడు.

అక్క, అన్నాను. ఆ రోజు ఇంక పని వద్దన్నాడు. నన్ను నేరుగా వాళ్ల ఊరికి తీసుకుపోయాడు.

అడవి అంచున ముప్పై ఇళ్ల ఊరు అది. మల్బరీ తోటలు, రెండు బోర్లు, ఊరి చుట్టూ ఏనుగులు రాకుండా తవ్విన కందకం. కందకం సగం పూడిపోయింది. ఆయన కోడలు రాగి సంగటి, చెనిగ్గింజల చట్నీ పెట్టింది. ఆమె లోపలికి పోయాక ఆయన తన భార్య సంగతి చెప్పాడు. చెప్పే పద్ధతి నాకు గుర్తుంది. ఏనుగు ఏ దారిన పోయిందో చెప్పేటప్పుడు కూడా ఆయనది అదే గొంతు. పొద్దున చీకటి ఉండగానే ఆమె చేనికి పోయింది. రాగి కోతకొచ్చింది. చేను మధ్యలో ఏనుగు ఉందని ఆమెకు తెలియదు, ఆమె వస్తుందని ఏనుగుకు తెలియదు. ఊరంతా చేరేసరికి అది వెళ్లిపోయింది. అప్పటికి ఆయన ట్రాకర్ కాదు, రైతు. ఆ తరవాతే ఈ పనిలో చేరాడు.

ఏనుగుల మీద కోపం రాలేదా అని అడిగాను. ఎవరైనా అడిగేదే.

"వచ్చింటే బాగుండు. రాలే. అదే నాకు బయమేసింది. ఒక ఏడాది దినామూ వాటి ముందరికే పోతాంటి. ఎంత దగ్గరికి పోతే ఏమయితాదో సూడాలని. ఒక దినం నా కొడుకు నా ఎనకాలే వచ్చినాడు, నాకు తెలీకుండా. తిరిగి సూస్తే వాడు నిలబడుకోనుండాడు. ఆ పొద్దు నుంచి దూరం జరిగినా."

నా వెనక ఎవరూ లేరని చెప్పాను.

"నేనుండానే" అన్నాడు, విసుగ్గా. "నువ్వు ఆడ సచ్చింటే రేపు ఎవురికైనా జవాబు సెప్పాల్సింది నేను కాదా?"

ఓదార్పు మాట కాదది. నిజంగానే చిరాకు పడ్డాడు. ఎందుకో, అక్క పోయినప్పుడు ఊరంతా చెప్పిన దేవుని చిత్తం అన్న మాట కన్నా ఆ చిరాకే నాకు అర్థమైంది. సంగటి ఇంకో ముద్ద అడిగి తిన్నాను. ఇకమీద తాను ఆగమన్నప్పుడు ఆగాలని, రాసుకునేటప్పుడు కూడా ప్రతి నిమిషానికీ ఒకసారి తల ఎత్తి చూడాలని షరతు పెట్టాడు. లేకపోతే రానన్నాడు. ఒప్పుకున్నాను.

ఆ తరవాత పది వారాలు తిరిగాం. తల ఎత్తి చూడటం మొదట మొక్కుబడిగానే చేశాను. రాత మధ్యలో తల ఎత్తితే కొన్నిసార్లు ఏమీ ఉండేది కాదు. కొన్నిసార్లు నెమలి, ఒకసారి దూరంగా కట్టెల మోపులతో ఆడవాళ్లు, ఒకసారి కాలిన వాసన. ఫారంలో మార్కులు అంతకంతకూ తగ్గాయి. నీళ్లు ఒకటి. గడ్డి ఒకటి. మొలకలు ఒకటి. నిప్పు రెండు. చివరి గడిలో మొత్తానికి రెండు వేశాను. అది కూడా ఏనుగుల వల్లే. అన్ని ఏనుగులు ఇంకా అక్కడ బతుకుతున్నాయి కాబట్టి ఒకటి వేయలేకపోయాను.

నివేదిక ఇచ్చాక సంస్థ ఆఫీసుకు పిలిచారు. మా పనులన్నీ చూసుకునే ఆయన నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. పుంగనూరు మార్కులు బాగున్నాయన్నాడు. కుప్పం వైపు రెండు అన్నది మూడు చేస్తే బాగుంటుందన్నాడు. కారణం దాచుకోలేదు. మరీ తక్కువ మార్కు వచ్చిన అడవిని, ఇంక బాగుపడదని, డబ్బిచ్చే పెద్దలు సాయం జాబితాలోంచే తీసేసే ప్రమాదముందట. మూడు వేస్తే సాయం వస్తుందని, ఆ అడవి మేలు కోసమే అడుగుతున్నానని చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పలేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

నేను వాదించలేదు. మార్చలేనని మాత్రం అన్నాను. ఎందుకని అడిగాడు. తొట్టిలో నీళ్లు లేవు, చూశాను, అన్నాను. ఆయన ఇంకో రెండు విధాల అడిగాడు. నేను ఇంకో రెండుసార్లు అదే మాట చెప్పాను. బయటికొచ్చాక నాతో పాటు పనిచేసిన జువాలజీ ఆమె ఎంత గట్టిగా నిలబడ్డావు అని మెచ్చుకుంది. అక్క సమాధి రోజు ధైర్యం ఎంతో, ఈ గట్టితనమూ అంతే. మార్చాలంటే మూడు ఎందుకో నాకు నేను చెప్పుకోవాలి. అంత ఓపిక నాకు లేదు. మొద్దుబారిన మనిషి చేత మార్చిన కాగితం మీద సంతకం పెట్టించడం కష్టమని ఆ రోజు తెలిసింది.

రెండు అలాగే ఉండిపోయింది. కింద ఆయన తన అభిప్రాయం వేరని రెండు వాక్యాలు రాసి పంపాడు. అది న్యాయమే. మరుసటి ఏడాది సర్వేకి నన్ను పిలవలేదు. అదీ అనుకున్నదే.

జాబితాలోంచి అడవిని తీసేయలేదు. అలాగని గొప్ప సాయమూ రాలేదు. తొట్టి పగులు పూడ్చి, దాని పక్కన సోలార్ మోటారు పెట్టారు. ఊరి ఆడవాళ్లకు కూలి ఇచ్చి ఒక చెక్క నేలలో లాంటానా పీకించారు. ఆ సంగతి ట్రాకర్ ఫోన్ చేసి చెప్పాడు. వచ్చి సూడు, నువ్వు మార్కులేసింది కదా అన్నాడు. కాలేజీకి సెలవు పెట్టి వెళ్లాను.

లాంటానాను కొడితే మళ్లీ చిగురిస్తుంది. వేరు దగ్గర నరికి, తలకిందులుగా తిప్పి పెట్టాలి. ఎలాగో అక్కడి ఆడవాళ్లకు నేను చూపించబోతే వాళ్లకు ముందే తెలుసు. నాకే చేతకాలేదు. ఒకామె నా చేతిలోంచి గొడ్డలి తీసుకుని, పట్టు ఎక్కడ పట్టాలో చూపించి, మళ్లీ ఇచ్చింది. మధ్యాహ్నం దాకా కొట్టాను. చేతులు బొబ్బలెక్కాయి. కొట్టం దగ్గర కుండలో నీళ్లతో కడుక్కుంటే భగ్గున మండింది. అబ్బా అన్నాను. పక్కనున్నామె నా అరచేతులు చూసి, పసుపు పెట్టుకో మా, ఒగ దినంలో మానిపోతాది అంది. ఆ అబ్బా నా నోటి నుంచి వచ్చిందే అని కాసేపు కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమో చూశాను. రాలేదు. ఆకలి వేసింది.

తరవాతి వానలకు ఆ చెక్కలో సగం మేర గడ్డి వచ్చింది. మిగతా సగంలో లాంటానా మళ్లీ లేచింది. ట్రాకర్‌కు మోకాళ్లు పట్టేసి పని మానేశాడు. ఆయన కొడుకు బెంగళూరులో డ్రైవరు, ఆ పనికి రానన్నాడు. పక్క ఊరి మనిషినెవరినో పెట్టుకున్నారు. నేను లైబ్రరీ వదిలేసి, కుప్పంలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పడానికి చేరాను. శనివారాలు పిల్లల్ని ట్రాకర్ ఊరి కందకం దాకా తీసుకుపోయి గడ్డి జాతుల పేర్లు రాయిస్తాను. పిల్లలకు తమిళంలో ఒక పేరు, కన్నడంలో ఒక పేరు తెలుసు. తెలుగు పేరు నన్ను అడుగుతారు. తెలియని వాటికి తెలియదనే చెబుతాను.

మదనపల్లె ఇల్లు ఇంకా ఖాళీ చేయలేదు. నెలకోసారి పోయి తలుపులు తీసి, ఊడ్చి, గాలి తగలనిచ్చి వస్తున్నాను. ఈసారి పోయినప్పుడు, అద్దెకు ఇస్తారా అని పక్కింటి వాళ్లు అడిగారు. ఆలోచించి చెబుతానన్నాను.